డిస్కౌంటు ఎక్కడ రాశారు?

అమ్మకాలు ఎంత పెరిగాయన్నది హెడ్డింగు. ఇచ్చిన తగ్గింపులను ఏ వరుసలో చూపించారన్నది వార్షిక నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో ఉండే నోటు. షేర్లు కొనేవాళ్లు భయపడాల్సింది ఈ రెండింటి మధ్య దూరానికి.

ఫోన్లో కిరాణా సరుకులకు ఆర్డరు పెట్టారనుకోండి. ప్యాకెట్ల మీది ఎమ్మార్పీలన్నీ కూడితే 1,000 రూపాయలు. యాప్ చూపించిన ధర 850. కూపను కొడితే మరో 50 తగ్గింది. డెలివరీ చార్జీ 30 మీద అడ్డగీత గీసి పక్కన ‘ఉచితం’ అని ఆకుపచ్చ అక్షరాలు. హ్యాండ్లింగ్ చార్జీ పేరుతో ఓ 10 చేరింది. చివరికి యూపీఐలో కట్టింది 810. పది నిమిషాల్లో బ్యాగు గుమ్మం ముందుంది. ఎమ్మార్పీ మీద 190 మిగిలిందని సంతోషం. మీ లెక్క అక్కడితో సరి.

కంపెనీ లెక్క అక్కడ మొదలవుతుంది. ఈ ఒక్క ఆర్డరు మీద తాను ఎంత అమ్మినట్టు? ఎమ్మార్పీ చూపించి 1,000 అనొచ్చు. 850 అనొచ్చు. కొన్నవాళ్ల జేబులోంచి వచ్చింది 810 కాబట్టి అదే అసలు అమ్మకం అనొచ్చు. సరుకు తనది కాదు, యాప్‌లో కొట్టు పెట్టుకున్న వేరే వ్యాపారిది, తన చేతికొచ్చేది 150 కమీషనే అనుకుంటే ఆదాయం 150. ఆ 150లోంచి తాను భరించిన కూపను 50 తీసేస్తే 100. లేదూ, ఆదాయం 150గానే ఉంచి, కూపను యాభైని కింద ప్రచార ఖర్చుల్లో రాసుకోవచ్చు.

చివరి రెండు పద్ధతుల్లోనూ కంపెనీకి మిగిలేది ఒకటే. లాభనష్టాల్లో పైసా తేడా రాదు. ఆదాయం మాత్రం ఒకచోట 100, ఇంకోచోట 150. మదుపరుల బెంగంతా ఆ యాభై మీదే.

ఎందుకంటే లాభాలున్న కంపెనీకి లాభాన్ని చూసి వెలకడతారు. లాభం ఇంకా కళ్లజూడని కంపెనీకి అమ్మకాల జోరు చూసి వెలకడతారు. అలాంటిచోట ఆదాయం అనే మొదటి వరుస ఎంత పెద్దగా కనబడితే షేరుకు అంత గిరాకీ. తగ్గింపు ఇస్తే అమ్మకాలు పెరుగుతాయి, అది వ్యాపార ధర్మం. ఆ తగ్గింపును ఆదాయంలోంచి తీసెయ్యకుండా కింద ఎక్కడో ఖర్చుగా రాస్తే, డబ్బిచ్చి తెచ్చుకున్న అమ్మకం కూడా తనంతట తాను వచ్చిన అమ్మకంలాగే కనబడుతుంది. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే సగం కంపెనీల వృద్ధి కథలు వేరేగా వినిపిస్తాయని నా అనుమానం.

ఎవరూ కట్టని వెయ్యి

మనకు కళ్లముందున్న ఉదాహరణ బ్లింకిట్. జొమాటోను, బ్లింకిట్‌ను నడిపే కంపెనీ పేరు 2025 మార్చి నుంచి ఎటర్నల్. క్విక్ కామర్స్‌లో చాలాకాలం అందరూ గొప్పగా చెప్పుకున్న అంకె జీఓవీ, అంటే ఆర్డర్ల మొత్తం విలువ. దాన్ని కట్టేది ఎమ్మార్పీ మీద. మన ఆర్డరులో ఆ 1,000 అన్నమాట. ఆ వెయ్యి ఎవరూ కట్టలేదు, ఎవరికీ అందలేదు. ఎమ్మార్పీ అంటే ఇంతకు మించి అమ్మకూడదన్న హద్దే తప్ప అమ్మిన ధర కాదు. తయారీదారు ఎమ్మార్పీ పెంచి, యాప్ డిస్కౌంటు పెంచితే చాలు. కొనేవాళ్లు కట్టేది అంతే ఉన్నా జీఓవీ పెరిగిపోతుంది.

2025లో ఎటర్నల్ తన వాటాదారుల లేఖల్లో జీఓవీని వెనక్కి నెట్టి ఎన్‌ఓవీని, అంటే డిస్కౌంట్లు పోను మిగిలిన విలువను ముందుకు తెచ్చింది. మంచి పనే. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో బ్లింకిట్ ఎన్‌ఓవీ 9,203 కోట్ల రూపాయలు, ఫుడ్ డెలివరీది 8,967 కోట్లు. బిర్యానీని బియ్యం, పప్పులు దాటేసింది ఈ కొలత మీదే.

అదే ఏడాది మరో మార్పు వచ్చింది. విదేశీ వాటాకు 49.5 శాతం పరిమితి పెట్టుకుని కంపెనీ భారతీయ యాజమాన్య సంస్థగా మారింది. దాంతో సరుకు తానే కొని తానే అమ్మే వీలు చిక్కింది. విదేశీ యాజమాన్యంలోని మార్కెట్‌ప్లేసులకు మన నిబంధనలు ఆ అవకాశం ఇవ్వవు. అప్పటిదాకా కమీషను, చార్జీలే ఆదాయం. సరుకు సొంతమైన చోటల్లా మొత్తం అమ్మకం ధరే ఆదాయం. జూన్ త్రైమాసికంలో 7,167 కోట్లున్న ఎటర్నల్ ఆదాయం సెప్టెంబరు త్రైమాసికానికి 13,590 కోట్లయింది. అంతకు ముందు ఏడాది అదే మూడు నెలలతో పోలిస్తే 183 శాతం ఎక్కువ. నికర లాభం 65 కోట్లు, అంతకు ముందు ఏడాదికన్నా బాగా తక్కువ.

ఇందులో దాపరికం లేదు. కారణం కంపెనీయే చెప్పింది. సరుకు సొంతమైతే లెక్క అలాగే రాయాలి కూడా. చిక్కల్లా టీవీ తెర అడుగున పరుగెత్తే వరుసలో 183 శాతం మాత్రమే పట్టడం. ముందు ఏడాది కమీషనూ ఈ త్రైమాసికంలో బియ్యం బస్తా ధరా పక్కపక్కన పెట్టి పోల్చామన్న సంగతి అందులో పట్టదు.

షికాగో కూపన్ల కథ

ఈ వ్యవహారంలో పాఠ్యపుస్తకాల్లోకెక్కిన కేసు గ్రూపాన్. ఆండ్రూ మేసన్ నాయకత్వంలో 2008లో షికాగోలో మొదలైన కంపెనీ. ఊళ్లో ఒక స్పానో రెస్టారెంటో పట్టుకుని, 50 డాలర్ల సేవకు 25 డాలర్ల కూపను అమ్మేది. వచ్చిన 25లో సుమారు సగం తాను ఉంచుకుని మిగతాది ఆ వ్యాపారికి ఇచ్చేది. మూడేళ్లు తిరక్కుండా ప్రపంచమంతా పాకింది. 2011 జూన్‌లో పబ్లిక్ ఇష్యూ కోసం అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి పత్రాలు సమర్పించింది. అందులో 2010 ఆదాయం 71.3 కోట్ల డాలర్లు.

చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. తర్వాత కళ్లు చిట్లించి చదివారు. అందులో స్పాకు, రెస్టారెంటుకు ఇవ్వాల్సిన సొమ్ము కూడా ఉంది. విజయవాడ బస్టాండు దగ్గర 1,200 రూపాయల ప్రైవేటు బస్సు టికెట్ అమ్మి 60 రూపాయలు కమీషను తీసుకునే ఏజెంటు, నా సంపాదన టికెట్‌కి 1,200 అన్నట్టు ఉంది వ్యవహారం. సెప్టెంబరులో కంపెనీ పత్రాలు సవరించింది. అదే సంవత్సరం, అవే కూపన్లు, అదే డబ్బు. ఆదాయం మాత్రం 31.3 కోట్ల డాలర్లు. సగానికి పైగా ఒక సవరణలో ఆవిరైంది. నష్టం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఇంకో చమత్కారం కూడా చేశారు. ‘ఏసీఎస్‌ఓఐ’ అని ఓ సొంత కొలత కనిపెట్టారు. కొత్త ఖాతాదారులను రప్పించడానికి ఆన్‌లైన్ ప్రకటనల మీద పోసిన డబ్బును అందులోంచి తీసేశారు. లెక్కల ప్రకారం 2010లో నిర్వహణ నష్టం 42 కోట్ల డాలర్లు. ఏసీఎస్‌ఓఐ ప్రకారం చూస్తే 6 కోట్ల డాలర్ల మిగులు! ఖాతాదారులను కొనుక్కోవడమే వ్యాపారమైన కంపెనీ ఆ కొనుగోలు ఖర్చును లెక్కలోంచి తీసేస్తే ఇంకేం మిగులుతుంది? విమర్శలు ముసురుకోవడంతో ఆగస్టులో ఆ కొలతను ఎత్తేశారు.

ఇంత జరిగాక కూడా 2011 నవంబరులో షేరు 20 డాలర్ల చొప్పున ఇష్యూ నిండింది. 70 కోట్ల డాలర్లు వచ్చాయి. ఐదు నెలలు కూడా తిరగలేదు, 2012 మార్చి 30న కంపెనీ మరో కబురు చెప్పింది. చివరి త్రైమాసికం ఆదాయాన్ని 1.43 కోట్ల డాలర్ల మేర తగ్గిస్తున్నామని. ఖరీదైన కూపన్లు ఎక్కువ అమ్మారు, వాటిని వెనక్కిచ్చి డబ్బు తీసుకునేవాళ్లు ఎక్కువవుతారని ముందుగా అంచనా వేసుకోలేదు. లెక్కల మీద అంతర్గత అదుపు బలహీనంగా ఉందని కంపెనీయే ఒప్పుకుంది. 2013 ఫిబ్రవరిలో బోర్డు మేసన్‌ను సాగనంపింది.

గ్రూపాన్‌ను అందరూ ఆడిపోసుకుంటారు గానీ దానికన్నా పెద్ద అంకె, అసలు అల్లరే లేకుండా, కోకాకోలా పుస్తకాల్లో మారింది. 2001 సంవత్సరానికి ఆ కంపెనీ మొదట చూపించిన ఆదాయం 2,009 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది నివేదికలో అదే 2001కి ఎదురుగా 1,754 కోట్లు. రెండున్నర వందల కోట్ల డాలర్లు ఏమైనట్టు? బాట్లర్లకు, దుకాణాలకు ప్రచారం కోసమని, అమ్మకాలు పెంచాలని ఇచ్చే సొమ్మును అప్పటిదాకా ఖర్చుగా రాసేవారు. అది నిజానికి ధర తగ్గించడమే, ఆదాయంలోంచే తీసెయ్యండని అమెరికాలో లెక్కల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ చెప్పింది. సరుకు కొనేవాడికి ఎదురు డబ్బిస్తే దాన్ని ఏ పేరుతో పిలిచినా డిస్కౌంటేనన్నమాట. లాభం మారలేదు కాబట్టి మార్కెట్ పెద్దగా పట్టించుకోలేదు.

కొనేవాడు ఎవరు?

ఇప్పుడు మన దేశంలో పెద్ద కంపెనీలకు వర్తించే నియమం ఇండ్ ఏఎస్ 115. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2014లో అంతర్జాతీయంగా తెచ్చిన ఉమ్మడి ప్రమాణానికి మన రూపం. దాని సారాన్ని ఆడిటర్ల పరిభాష లేకుండా చెప్పుకుంటే ఇంతే: సరుకు మీద అదుపు ఎవరిదో తేల్చుకో, నీదైతే మొత్తం రాసుకో, కాకపోతే కమీషనే రాసుకో. రేపు ఇవ్వాల్సి వచ్చే రాయితీలు, రిబేట్లు, వాపసులు ఈరోజే అంచనా వేసి ఆదాయంలోంచి తీసెయ్యి. నీ కస్టమరుకు నువ్వు ఇచ్చేది ఆదాయంలో కోత.

చివరి వాక్యంలోనే తిరకాసుంది. కస్టమరు ఎవరు? ఫుడ్ యాప్‌లో దోసె తినేవాళ్లా, దోసె వేసిన హోటలా? కమీషను ఇచ్చేది హోటలు కాబట్టి హోటలే కస్టమరు అనుకుంటే, తినేవాళ్లకు ఇచ్చిన వంద రూపాయల కూపను కస్టమరుకు ఇచ్చిన తగ్గింపు కాదు, ప్రచార ఖర్చు. తినేవాళ్ల దగ్గర కూడా డెలివరీ చార్జీ వసూలు చేస్తే వాళ్లూ కస్టమర్లే, అప్పుడు ఆ కూపను ఆదాయాన్ని కొరుక్కు తింటుంది. 2019లో మార్కెట్‌కొచ్చిన ఉబర్ పత్రాల్లోనూ ఇదే మెలిక: డ్రైవరు కస్టమరు, కారెక్కేవాళ్లు కాదు, కాబట్టి వాళ్లకిచ్చిన ప్రోమోలు చాలావరకు మార్కెటింగ్ ఖర్చు. రెండు కంపెనీలు ఒకే కూపను ఇచ్చి చెరో వరుసలో రాస్తే, ఆదాయం పక్కపక్కన పెట్టి ఏది వేగంగా పెరుగుతోందని చూడ్డంలో అర్థం లేదు.

మన ఆదాయపు పన్ను శాఖ ఈ ప్రశ్నను ఇంకో కొస నుంచి పట్టుకుంది. ఫ్లిప్‌కార్ట్ కొన్న ధరకన్నా తక్కువకు అమ్మేది. ఇది నష్టం కాదు, బ్రాండు కట్టుకోవడానికి పెట్టిన పెట్టుబడి, కాబట్టి ఖర్చుగా ఒప్పుకోం, పన్ను కట్టండి అంది. 2018 ఏప్రిల్‌లో బెంగళూరులోని అప్పీలు ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసింది. చేతికి రాని డబ్బును వచ్చినట్టు ఊహించి పన్ను వెయ్యలేరు అన్నది దాని సారాంశం. తీర్పు సబబే. కానీ పన్ను అధికారి అడిగిన ప్రశ్న షేర్లు కొనేవాళ్లు కూడా అడగదగ్గదే: ఈ డిస్కౌంటు రేపటి ఖాతాదారును తెస్తుందా, ఈరోజుకే ఖర్చయిపోతుందా?

హైదరాబాదు మందులు, అమెరికా బిల్లులు

తెలుగు నేలకు ఈ లెక్కలతో అసలు చుట్టరికం ఫార్మాతోనే. డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి హైదరాబాదు కంపెనీలు అమెరికాలో జెనరిక్ మందులు అమ్ముతాయి. అక్కడ మందు బిల్లు మీది ధరకూ కంపెనీకి దక్కే ధరకూ పోలిక ఉండదు. బయటివాళ్లకు విడ్డూరంగా తోచే ఈ పద్ధతి ఆ వ్యాపారంలో రోజువారీ సంగతి.

లెక్క సులువుగా ఉండటానికి అంకెలు అనుకుందాం. ఒక మాత్రల సీసాను కంపెనీ హోల్‌సేలరుకు 100 డాలర్ల బిల్లు మీద పంపింది. అక్కడ మందుల పంపిణీలో అత్యధిక భాగం మెక్‌కెసన్, కార్డినల్ హెల్త్, ఇప్పుడు సెన్‌కోరాగా పేరు మార్చుకున్న అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు సంస్థల చేతిలోనే ఉంటుంది. ఇటు కంపెనీ ఒక మెడికల్ షాపుల గొలుసుతో విడిగా 25 డాలర్లకు ఒప్పందం చేసుకుని ఉంది. హోల్‌సేలరు ఆ సీసాను షాపుకు 25కే అమ్ముతాడు. 100కు కొని 25కు అమ్మినందుకు మిగతా 75 కంపెనీ నుంచి వెనక్కి అడుగుతాడు. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. ఇది తొలి కోత మాత్రమే. ఇంత సరుకు ఎత్తినందుకు రిబేటు. గడువు దగ్గరపడ్డ సీసాలు వెనక్కి పంపితే వాటికి క్రెడిట్. పోటీదారు దిగి ధర పడిపోతే, అప్పటికే కొన్నవాళ్ల అరల్లో ఉన్న సీసాలకు కూడా తేడా చెల్లించాలి. దానిపేరు షెల్ఫ్ స్టాక్ అడ్జస్ట్‌మెంట్.

సరుకు బాచుపల్లి నుంచి బయల్దేరి హోల్‌సేలరు గోదాములో దిగిన రోజున ఈ కోతల్లో చాలావాటికి క్లెయిములు ఇంకా రావు. సీసా ఏ షాపుకు వెళ్తుందో, ఏ ఒప్పందం ధర వర్తిస్తుందో, ఎన్ని వెనక్కి తిరిగొస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు. కానీ త్రైమాసికం ముగిసింది, ఆదాయం రాయాలి. కాబట్టి అంచనా వేస్తారు. గోదాముల్లో ఎంత సరుకుంది, నెలకు ఎంత కదులుతోంది, గతంలో చార్జ్‌బ్యాక్ ఏ నిష్పత్తిలో వచ్చింది అన్నవి చూసి 100లోంచి 78 తియ్యాలా, 80 తియ్యాలా అని నిర్ణయిస్తారు. 78 తీస్తే ఆదాయం 22. 80 తీస్తే 20. కోతలో రెండు డాలర్ల తేడా మిగిలే ఆదాయంలో తొమ్మిది, పది శాతం దాకా పడుతుంది. ఆ రెండు డాలర్లూ నేరుగా లాభంలోంచి పోతాయి, లేదా లాభంలోకి వస్తాయి. ఫార్మా ఫలితాలు చదివే అనలిస్టులు కాన్‌కాల్‌లో ‘ప్రైస్ ఎరోషన్’ గురించి అన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే.

డాక్టర్ రెడ్డీస్ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయింది. కాబట్టి ఏటా ఎస్‌ఈసీకి ఇచ్చే 20-ఎఫ్ నివేదికలో ఈ కోతల పట్టికలు వేస్తుంది: చార్జ్‌బ్యాకులకు తొలి నిల్వ ఎంత, ఈ ఏడాది కొత్తగా ఎంత పక్కన పెట్టాం, ఎంత చెల్లించాం, మిగిలింది ఎంత. వందల పేజీల్లో ఒకటి రెండు పేజీలు. రంగు బొమ్మలుండవు, చైర్మన్ ఫొటో ఉండదు. ఫార్మా షేర్లున్నవాళ్లు ముందు తెరవాల్సింది ఆ పేజీ. అమ్మకాలు పెరిగి, పక్కన పెట్టిన సొమ్ము తగ్గితే కారణం ఉండాలి. ఉండొచ్చు కూడా. పాత మందులు ఆగిపోవచ్చు, ఒప్పందం మారొచ్చు. కారణం రాశారా లేదా అన్నది చూడాలి.

ఇచ్చేది కాదు, రావాల్సింది

తగ్గింపు ఇచ్చేవాడి లెక్క ఇలా ఉంటే, తగ్గింపు పుచ్చుకునేవాడి లెక్క మరీ జారుడు. బ్రిటన్‌లో టెస్కో అంటే ఊరూరా ఉండే సూపర్‌మార్కెట్. సరుకు సరఫరా చేసేవాళ్లు దానికి రకరకాల చెల్లింపులు చేస్తారు: ఇంత అమ్మితే ఇంత రిబేటు, కళ్లకు ఎదురుగా అరలో పెడితే ఇంత, ఆఫరు ప్రకటిస్తే ఇంత. వీటన్నిటినీ కలిపి అక్కడ ‘కమర్షియల్ ఇన్‌కమ్’ అంటారు. రేపు రావాల్సిన రిబేటును ఈరోజే వచ్చినట్టు రాసుకుంటే ఈ ఆర్నెల్ల లాభం పెరుగుతుంది. వచ్చే ఆర్నెల్లకు గుంట పడుతుంది. దాన్ని పూడ్చాలంటే ఆ తర్వాతిది కూడా ముందుకు లాగాలి.

2014 సెప్టెంబరు 22న టెస్కో మార్కెట్‌కు చెప్పింది: ఆర్నెల్ల లాభం అంచనాను సుమారు 25 కోట్ల పౌండ్ల మేర ఎక్కువ చెప్పామని. డెలాయిట్ తవ్వి చూశాక ఆ అంకె 26.3 కోట్లకు చేరింది. కొత్త సీఈఓ డేవ్ లూయిస్ కుర్చీలో కూర్చుని మూడు వారాలు. వారెన్ బఫెట్ బెర్క్‌షైర్ సంస్థ కూడా ఈ షేర్లలో చేతులు కాల్చుకుంది. 2017లో బ్రిటన్ సీరియస్ ఫ్రాడ్ ఆఫీసుతో ఒప్పందం కింద కంపెనీ 12.9 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది. కేసులు పెట్టిన ముగ్గురు మాజీ ఉన్నతాధికారులు మాత్రం కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది వేరే. కుంభకోణం బయటపడటానికి నెలల ముందే, 2014 మే నాటి వార్షిక నివేదికలో ఆడిటరు పీడబ్ల్యూసీ ఈ కమర్షియల్ ఇన్‌కమ్‌లో అవకతవకలకు ఆస్కారం ఉందని, దాని మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టామని రాసింది. అచ్చులో ఉంది. షేర్లు అప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

మార్చి ముప్పై ఒకటి

ఏ సబ్బుల కంపెనీ డిస్ట్రిబ్యూటరునో, మందుల స్టాకిస్టునో మార్చి ఆఖరి వారంలో కదిపి చూడండి. కంపెనీ సేల్స్ ఆఫీసరు ఫోన్లు ఆగవు. టార్గెట్‌కు ఇంకో ఎనిమిది లక్షలు తక్కువున్నాయి, సరుకు వేయించుకోండి, స్కీము ఇప్పిస్తాను, పది పెట్టెలకు ఒకటి ఉచితం, ఏప్రిల్‌లో క్రెడిట్ నోటు వస్తుంది, డబ్బు నలభై రోజుల తర్వాత కట్టండి అంటాడు. డిస్ట్రిబ్యూటరు గోదాములో సరుకు దిగగానే అది కంపెనీకి ప్రైమరీ సేల్. కిరాణా కొట్టుకు వెళ్లేది సెకండరీ. ఇంట్లో సబ్బు అరిగేది ఇంకెప్పుడో. కంపెనీ ఆదాయంలో కనబడేది ప్రైమరీయే. మార్చిలో నింపిన గోదాము ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ అవ్వాలి కాబట్టి ఆ నెలల్లో ఆర్డర్లుండవు. క్రెడిట్ నోటు రాక, క్లెయిము తేలక డిస్ట్రిబ్యూటరు తిరుగుతూ ఉంటాడు. అతనికి రావాల్సిన ఆ పెండింగ్ క్లెయిము కంపెనీ పుస్తకాల్లో మార్చిలోనే ఆదాయంలోంచి తగ్గి ఉండాలి. తగ్గిందా లేదా అన్నది బయటివాళ్లకు అంత తేలిగ్గా తెలియదు.

ఇదే పనిని హద్దు దాటించిన కంపెనీ అమెరికాలో సన్‌బీమ్. 1997 చివర్లో, ఎవరూ పెరట్లో వంటలు చేసుకోని చలికాలంలో, దుకాణాలకు భారీ డిస్కౌంట్లిచ్చి గ్రిల్లులు ‘అమ్మింది’. సరుకు దుకాణాలకు వెళ్లలేదు, అద్దె గోదాముల్లో ఉండిపోయింది. ఆ ఏడాది రికార్డు లాభంగా చూపిన 18.9 కోట్ల డాలర్లలో కనీసం 6 కోట్లు మోసపు లెక్కలని తర్వాత ఎస్‌ఈసీ తేల్చింది. సీఈఓ ఆల్ డన్‌లప్‌ను 1998లోనే తీసేశారు. కంపెనీ 2001లో దివాలా పిటిషన్ వేసింది.

లెక్కల మోసం అనగానే మనకు గుర్తొచ్చేది సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7 నాటి దాని చైర్మన్ రామలింగరాజు లేఖ ప్రకారం, ఒక త్రైమాసికానికి చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. కానీ అది వేరే జాతి. అక్కడ లేని బిల్లులు పుట్టించారు. డిస్కౌంటు లెక్కల్లో బిల్లు నిజం, సరుకు నిజం, కొన్నవాళ్లు నిజం. అంచనా ఒక్కటే అటూ ఇటూ అవుతుంది. అందుకే పట్టుకోవడం కష్టం. చాలాసార్లు పట్టుకోవడానికి నేరం కూడా ఉండదు. ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ 2022 సెప్టెంబరులో ఎప్పటికో బయటపెట్టిన 2020-21 లెక్కల్లో నష్టం 4,588 కోట్లకు చేరింది, అంతకు ముందు ఏడాది సుమారు 232 కోట్లు. కారణాల్లో ఒకటి, ఏళ్ల తరబడి చెప్పాల్సిన కోర్సుల ఫీజును ఆదాయంగా రాసే పద్ధతి మార్చడం. అందులో కొంత భాగం తర్వాతి ఏళ్లకు జరిగింది. పద్ధతి మారకముందు వృద్ధిని చూసి వెలకట్టినవాళ్లు దేనికి కట్టినట్టో వాళ్లే చెప్పుకోవాలి.

ఒక చిన్న పట్టిక

మన మదుపరులకు ఒక సదుపాయం ఉంది, వాడేవాళ్లు తక్కువ. అంతర్జాతీయ ప్రమాణంలో లేని ఒక పేరా ఇండ్ ఏఎస్ 115లో ప్రత్యేకంగా చేర్చారు, 126ఏఏ దాని సంఖ్య. ఒప్పందం ప్రకారం ధర ఎంత, అందులోంచి డిస్కౌంట్లు, రిబేట్లు, వాపసులు, ధర రాయితీలు, ప్రోత్సాహకాలు ఒక్కొక్కటి ఎంత పోయాయి, చివరికి లాభనష్టాల ఖాతాలో ఆదాయంగా రాసింది ఎంత అని కంపెనీ విడివిడిగా చూపాలి. వార్షిక నివేదిక పీడీఎఫ్‌లో ‘కాంట్రాక్టెడ్ ప్రైస్’ అని వెతికితే ఆదాయం నోటు కింద దొరుకుతుంది. నాలుగైదు వరుసలు. పక్కన నిరుటి అంకెలు. రెండేళ్లవీ భాగించి చూడండి: వంద రూపాయల బిల్లుకు నిరుడు తొమ్మిది రూపాయలు వదిలిన కంపెనీ ఈ ఏడు పదమూడు వదిలిందా? అమ్మకాల వృద్ధి పన్నెండు శాతమని చైర్మన్ చెప్పినచోట ఈ అంకె పక్కన పెట్టుకుంటే వృద్ధి ఎక్కడినుంచి వచ్చిందో కాస్త తెలుస్తుంది. కొన్ని కంపెనీలు ఇంత చక్కగా ఇవ్వవు. ‘డిస్కౌంట్లు తదితరాలు’ అని అన్నీ ఒకే వరుసలో కుక్కేస్తాయి.

అదే చూపులో మరో రెండు వరుసలు కలిపి చూడొచ్చు. అప్పుల వైపు ‘రిఫండ్ లయబిలిటీ’ అని ఉంటుంది, వాపసుల కోసం, రాయితీల కోసం పక్కన పెట్టింది. ఖర్చుల వైపు ప్రకటనలు, అమ్మకాల ప్రోత్సాహం అని ఉంటుంది. పట్టికలో డిస్కౌంటు తగ్గి, ఇక్కడ ప్రోత్సాహం పెరిగితే సొమ్ము ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారి ఉండొచ్చు. ఆదాయం పెరిగి, బాకీదార్ల దగ్గర రావాల్సింది అంతకన్నా వేగంగా పెరిగితే మార్చి ఫోన్లు గుర్తుచేసుకోవాలి. కొత్తగా ఇష్యూకు వచ్చే కంపెనీలయితే 2022 నవంబరు నుంచి సెబీ నిబంధన ప్రకారం తమ సొంత కొలతలను ఆడిట్ కమిటీ ఆమోదంతో, ధ్రువీకరణతో ప్రాస్పెక్టస్‌లో చూపాలి. జీఓవీ లాంటి అంకెకు నిర్వచనం ఆ పేజీల్లోనే ఉంటుంది. ఎమ్మార్పీ మీద కట్టారా, కట్టిన ధర మీద కట్టారా అన్నది అక్కడ చదవాలి.

వార్షిక సమావేశాలు ఎక్కువగా జులై నుంచి సెప్టెంబరు దాకా జరుగుతాయి. ఇప్పుడు చాలావరకు వీడియోలోనే. ముందుగా స్పీకరుగా పేరు నమోదు చేసుకుంటే పది షేర్లున్నవాళ్లకూ మాట్లాడే అవకాశం ఉంటుంది. డివిడెండు ఎప్పుడు, బోనస్ ఎప్పుడు అన్న ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. కాంట్రాక్టెడ్ ప్రైస్‌కూ ఆదాయానికీ మధ్య దూరం నిరుటికన్నా ఎందుకు పెరిగిందని అడిగితే సీఎఫ్ఓ జవాబు చెప్పాలి. ఆ జవాబు సారాంశం మినిట్స్‌లోకి కూడా ఎక్కొచ్చు.